ఇంట్లో వైఫై, రేవులో పడవ

అమెరికాలో సియాటిల్ నగరం పక్కన కాపురముంటున్న ఒక సోదరి పొడుగాటి ఉత్తరం వ్రాశారు. లేక్ వాషింగ్టన్ అనే సరస్సు ఒడ్డున వారి ఇల్లు. పెరడు మెట్లు మెట్లుగా నీటిదాకా దిగుతుంది. అక్కడ సొంత చెక్కరేవు, దానికి కట్టిన చిన్న పడవ. రాజమండ్రి నుంచి వచ్చిన మామగారు గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవారు. భోజనం కాగానే పేపరు పట్టుకుని ఆ పడవలోకి పోయి కూర్చుంటారట.

"ఆయనకు 76 ఏళ్ళు. గుండెకు మందులు వాడుతున్నారు. ఇండియా నుంచి తెచ్చుకున్న ఫోను వైఫై ఉంటేనే పలుకుతుంది. ఇంట్లో వైఫై సగం మెట్లదాకా వచ్చి ఆగిపోతుంది. గంటకోసారి 40 మెట్లు దిగి చూసి వస్తున్నాను. ఇంటినుంచి కరెంటు తీగ లాగి రేవు చివర ఇంకో వైఫై పెట్టె పెడతానంటున్నారు మావారు. సరేననమంటారా?" అని ఆమె ప్రశ్న.

పెట్టె పెట్టమనండి. తీగ మాత్రం వద్దనండి.

సొంత రేవు, సొంత పడవ అనగానే "మనకెందుకీ గొడవ" అని పేజీ తిప్పేయకండి. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టున కాపలా పాక ఉన్నవారికీ, పెరటి చివర వేరే గది వేసుకున్నవారికీ లెక్క చాలావరకు ఇదే.

కట్టివేసిన పడవతో ఒడ్డునుంచి మాట్లాడాలన్న కోరిక వైర్‌లెస్ అంత పాతది. 1897 మే నెలలో మార్కోని బ్రిటన్‌లోని బ్రిస్టల్ చానెల్‌లో ఒక దీవినుంచి ఒడ్డుకు, నీటిమీదుగా, తీగ లేకుండా కబురు పంపాడు. మరుసటి ఏడు డిసెంబరులో ఇంగ్లండులోని కెంట్ తీరాన, గుడ్‌విన్ ఇసుకమేటల దగ్గర లంగరు వేసి ఉంచిన దీపపు ఓడలో తన యంత్రం పెట్టి, సుమారు 12 మైళ్ళ దూరాన గట్టుమీద ఉన్న సౌత్ ఫోర్లాండ్ దీపస్తంభంతో కలిపాడు. 1899లో మరో ఓడ వచ్చి ఆ దీపపు ఓడనే గుద్దినప్పుడు, సాయం రమ్మని ఒడ్డుకు మొరపెట్టుకుంది ఆ యంత్రంతోనే.

అప్పుడే 12 మైళ్ళు దాటిన కబురు ఇప్పుడు 40 మెట్లు దిగలేకపోవడమేమిటని అడుగుతారు కాబోలు. మార్కోనివి చాలా పొడుగాటి తరంగాలు, ఆయన ఏరియల్ ఓడ స్తంభమంత ఎత్తు. మన వైఫై తరంగం పొడుగు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే సుమారు అరజానెడు. 5 గిగాహెర్ట్జ్ దగ్గర అందులో సగమే. పైగా చుట్టుపక్కలవారికి అడ్డు రాకుండా దాని బలానికి ప్రభుత్వం హద్దు పెట్టింది. అయినా ఖాళీ జాగాలో వంద గజాలు దానికొక లెక్క కాదు. దాన్ని చంపేది దూరం కాదు, దారిలో ఉన్న అడ్డంకులు.

చలి దేశపు ఇళ్ళలో వేడి బయటికి పోకుండా కిటికీ అద్దాలకు కంటికి కనబడని లోహపు పూత పూస్తారు. వేడిని ఆపే ఆ పూతే వైఫైని కూడా చాలామటుకు వెనక్కి కొడుతుంది. అందుచేత "కిటికీలోంచి పడవ చక్కగా కనబడుతోంది కదా" అని రౌటరు తెచ్చి కిటికీలో పెట్టి లాభం లేదు. కొన్ని ఇళ్ళ గోడల్లో గచ్చు నిలవడానికి ఇనుప వల వేస్తారు, అదీ అంతే. ఇక చెట్లున్నాయి. ఆకుల్లో ఉండే నీరు తరంగాన్ని తాగేస్తుంది. ఎండాకాలంలో ఆడిన వైఫై వానాకాలంలో మొరాయిస్తే రౌటరును తిట్టకండి, తడిసిన కొమ్మల వంక చూడండి.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. తరంగం దారంలాగా సన్నగా పోదు. నూలు చుట్టిన కదురులాగా మధ్యలో ఉబ్బి పోతుంది. నూరు మీటర్ల దూరానికి, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, సరిగ్గా నడిమధ్యన ఆ ఉబ్బు ఇరుసుకు అన్ని వైపులా ఒకటి ముప్పావు మీటర్ల దాకా ఉంటుంది. రెండు పెట్టెలూ మోకాలెత్తున పెడితే ఆ కదురు కింది సగం నేలలోనో నీటిలోనో కూరుకుపోతుంది. అందుకే ఎత్తు కావాలి. మీ ఇల్లు పైన, రేవు కింద ఉండటం మీ అదృష్టం.

ఇక ఏర్పాటు. ఇంటి చూరు కింద, బయట, వానకు తడిసినా చెడని రకం పెట్టె ఒకటి రేవు వైపు ముఖం పెట్టి బిగించాలి. దానికి రౌటరు నుంచి ఒకే నెట్‌వర్కు తీగ. కరెంటు కూడా అదే తీగలో పోయే రకాలు దొరుకుతాయి. దాని జత పెట్టె పడవలో, పైకప్పుకు ఎగువన. అది ఇంటి మాట వినిపించుకుని, పడవలో మళ్ళీ చిన్న వైఫైగా పంచుతుంది. ఇంటివైపు పెట్టె ఒక్కటే బలమైనది కొంటే చాలదా అంటే, చాలకపోవచ్చును. ఇల్లు ఎంత గట్టిగా అరిచినా, మామగారి చేతిలోని ఫోను గొంతు చిన్నది. దాని జవాబు ఇంటిదాకా రావాలి కదా.

ఫైబర్‌గ్లాసు పడవైతే గోడలు అడ్డు రావు. అల్యూమినియం పడవైతే పెట్టె తప్పకుండా పైనే ఉండాలి. అయితే పెట్టె లోపల, ఏరియల్ పైన పెట్టి మధ్య పొడుగాటి సన్నని ఏరియల్ తీగ వేసే పనిమాత్రం చేయకండి. మామూలు రకం తీగ మూడు మీటర్లు పోయేసరికే సగం బలం హరించుకుపోతుంది. సియాటిల్‌కు అటుపక్క, సముద్రపు పాయమీద రేవు ఉన్నవారికి ఆటుపోట్లతో పడవ రోజూ మూడు మీటర్ల పైచిలుకు లేస్తుంది, దిగుతుంది. మీ సరస్సుకు ఆ బాధ లేదు.

ఇప్పుడు మీవారి తీగ సంగతికి వస్తాను. మీది మంచినీటి సరస్సు. ఉప్పునీటికంటె మంచినీటిలో కరెంటు సులువుగా పారదు. మనిషి ఒంట్లో ఉప్పు ఉన్నది. రేవులోని తీగ ఎక్కడో ఒరుసుకుని కరెంటు నీటిలోకి కారితే, అక్కడ ఈదుతున్న మనిషి ఒంటినే దారి చేసుకుంటుంది. కండరాలు బిగుసుకుపోతాయి. అరవలేరు, ఈదలేరు. ఒంటిమీద కాలిన గాయం కూడా లేకుండా మునిగిపోతారు. అమెరికా సరస్సుల్లో పిల్లలు ఇలా పోయారు. అలాంటప్పుడు వెంటనే నీళ్ళలోకి దూకిన తండ్రులూ చిక్కుకున్నారు. ముందు మెయిను తీసేసి, తర్వాత తేలే వస్తువేదైనా విసరాలి. ఇంట్లో అందరికీ, చిన్నవాళ్ళతో సహా, ఈ మాట నేర్పి ఉంచండి. రేవులో కరెంటు కావాలంటే లైసెన్సున్న పనివాడిచేత, కారిన క్షణంలో తెంచే మీటతో వేయించవలసిందే. తోటలో వాడే ఎక్స్‌టెన్షన్ తీగ రేవుమీదికి పోనివ్వకూడదు. అలా చేసినా కరెంటున్న రేవు పక్కన ఈత వద్దు.

పడవలో పెట్టెకు మరి కరెంటెలాగ? పడవలో 12 వోల్టుల బ్యాటరీ ఉండనే ఉంటుంది. ఆ పెట్టె తినేది సుమారు ఆరు వాట్లు, అంటే రోజుకు 12 ఆంపియర్-గంటలు. నూరు ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీని సగానికి మించి దింపకూడదు గనుక నాలుగు రోజులు వస్తుంది.

ఇక్కడే ఇల్లాలి లెక్క అవసరం. పడవ అడుగున చేరే నీటిని తోడే పంపు కూడా ఆ బ్యాటరీమీదే బతుకుతుంది. పరుగెడుతూ మునిగే పడవలకంటె రేవులో కట్టి ఉండగా మునిగేవే ఎక్కువని పడవల బీమావారు చెబుతారు. వైఫై బ్యాటరీని తినేసి, వారం రోజుల వాన పడితే, పడవ తాడుతో సహా అడుగున ఉంటుంది. కనుక వైఫైకి వేరే చిన్న బ్యాటరీ పెట్టండి. సౌరఫలకం ఎండాకాలానికి సరిపోతుంది, మీ ఊరి శీతకాలపు మబ్బుల్లో దాన్ని నమ్ముకోవద్దు. మామగారు పడవ దిగేటప్పుడు మీట ఆర్పేస్తే మరీ మంచిది. నీరు చేరితే మీ ఫోనుకు కబురు పంపే పరికరం పెట్టుకోదలిస్తే మాత్రం పెట్టె రాత్రింబగళ్ళు వెలగాలి, బ్యాటరీ పెద్దదే కావాలి.

వైఫైకి గట్టి సంకేతపదం పెట్టండి. నీటిమీద అది ఎదురింటి రేవుదాకా పోతుంది.

చివరగా, గాలివానకు మీ ప్రాంతంలో కరెంటు పోవడం మామూలే. 2024 నవంబరు తుపానులో లక్షల ఇళ్ళు చీకటయ్యాయి. ఇంట్లో రౌటరు ఆరిపోతే పడవలో పెట్టె ఉన్నా లేనట్టే. మామగారి కుర్చీ పక్కన ఒక ఇత్తడి గంట కట్టండి. 40 మెట్ల పైకి బాగానే వినిపిస్తుంది.