గూగుల్‌ని నిలదీసిన లైబ్రరీ ప్రొఫెసర్

ఏ డౌటొచ్చినా మనం ముందు అడిగేది గూగుల్ తల్లినే కదా. జ్వరం మాత్ర దగ్గర్నుంచి కాలేజీ సీటు దాకా. పైన వచ్చిన రెండు మూడు లింకులు చూస్తాం, అదే నిజమనుకుంటాం, ఫోన్ జేబులో పెట్టేస్తాం. రెండో పేజీకి వెళ్లేవాళ్లు ఎంతమంది, మీరే చెప్పండి?

ఆ పైన లింకులు ఎలా వస్తున్నాయని పట్టుబట్టి అడిగినావిడ పేరు సఫియా నోబుల్. అమెరికాలో నల్లజాతి ప్రొఫెసర్, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో పాఠాలు చెబుతారు. ఆవిడ కెరీర్ నాకెందుకు నచ్చుతుందంటే, స్కూలు నుంచి నేరుగా ప్రొఫెసర్ కుర్చీలోకి వచ్చినావిడ కాదు. పదేళ్లకు పైగా అడ్వర్టైజింగ్, మార్కెటింగ్‌లో పనిచేశారు. సెర్చ్‌లో పైకి రావడానికి కంపెనీలు పడే తిప్పలన్నీ దగ్గర్నుంచి చూశారు. తర్వాత లైబ్రరీ సైన్స్‌లో పీహెచ్‌డీకని ఇల్లినాయ్ యూనివర్సిటీలో చేరితే, అక్కడేమో గూగుల్ అంటే కొత్త పబ్లిక్ లైబ్రరీ అన్నట్టు మాట్లాడుతున్నారు. యాడ్స్ ఫీల్డ్ తెలిసిన మనిషికి అది ఎలా మింగుడుపడుతుంది!

ఆ రోజుల్లోనే, 2010 ప్రాంతంలో, ఇంట్లో ఆడపిల్లలకి పనికొచ్చేవేమైనా దొరుకుతాయేమోనని 'నల్లజాతి అమ్మాయిలు' అని ఇంగ్లీషులో టైప్ చేశారు. మొదటి పేజీలోనే బూతు సైట్లు. వేరే మాటేదీ కొట్టలేదు, ఊరికే అమ్మాయిలు అన్నారంతే. అదే మాట ఆ పిల్లలే కొట్టి ఉంటే?

ఇక్కడ 'క్రిటికల్ రేస్ థియరీ' గురించి ఒక్క ముక్క. 1970లు, 80ల్లో డెరిక్ బెల్, కింబర్లీ క్రెన్‌షా లాంటి లా ప్రొఫెసర్లు నిలబెట్టిన ఆలోచన ఇది. జాతి వివక్ష అంటే ఎవడో ఒకడి మనసులో ఉండే ద్వేషం మాత్రమే కాదు, చట్టాల్లో, రూల్స్‌లో, రోజూ నడిచే పద్ధతుల్లో కూడా కూర్చుని ఉంటుంది అంటారు వాళ్లు. (కులాన్ని చూస్తూ పెరిగిన మనకి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.) నోబుల్ ఈ చూపుని సెర్చ్ పేజీ మీదకి తిప్పారు. కోడ్ రాసిన కుర్రాడు మంచోడా కాదా అన్నది ఆవిడ పాయింట్ కాదు. ఏ మాటకి యాడ్ డబ్బులొస్తాయి, ఏ సైటుకి లింకులెక్కువ అన్న లెక్క మీదే అంతా నడిస్తే, తక్కువమంది ఉన్నవాళ్ల గురించి వాళ్లు చెప్పుకునే మాట కిందికే పోతుంది.

2012 కల్లా ఆ ఒక్క మాటకి ఫలితాలు మారాయి. 'ఆసియా అమ్మాయిలు' అని కొడితే మాత్రం ఇంకా అదే తంతు.

లైబ్రరీలేమీ కడిగిన ముత్యాలు కావు, ఆ సంగతి ఆవిడే రాశారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పుస్తకాలకిచ్చే హెడ్డింగుల్లో ఒకప్పుడు 'యూదుల సమస్య' అని ఉండేది. పేపర్లు లేకుండా వచ్చినవాళ్లకి 'అక్రమ పరాయివాళ్లు' అనే అర్థమొచ్చే హెడ్డింగ్ ఉండేది. 2014లో డార్ట్‌మత్ కాలేజీ స్టూడెంట్స్ దాన్ని మార్చమని అడిగారు. 2016లో లైబ్రరీ సరేనంది, రాజకీయ నాయకులు అడ్డం పడ్డారు, చివరికి 2021లో మారింది. ఏడేళ్లు పట్టింది, నిజమే. కానీ అడగడానికి ఒక చోటుంది, జవాబు చెప్పాల్సినవాళ్లు ఉన్నారు. సెర్చ్ రిజల్ట్ నచ్చకపోతే ఏ కౌంటర్ దగ్గర నిలబడాలి?

ఇది మనసు నొచ్చుకోవడంతో ఆగే విషయం కూడా కాదు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిదిమంది నల్లజాతివాళ్లని కాల్చి చంపినవాడు, తెల్లవాళ్ల మీద నల్లవాళ్ల నేరాల గురించి సెర్చ్ చేయడంతోనే తన దారి మొదలైందని రాసుకున్నాడు. వాడికి దొరికింది జాతి ద్వేషం పంచే ఒక సంఘం సైటు.

ఇదంతా కలిపి 2018లో 'అల్గోరిథమ్స్ ఆఫ్ అప్రెషన్' పుస్తకం తెచ్చారు. 2021లో మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది. ఆవిడ చెప్పే మందు ఏంటంటే, వ్యాపారం కోసం కాకుండా ప్రజల సొమ్ముతో నడిచే సెర్చ్ ఇంజిన్. ఇక్కడ మాత్రం నాకు డౌటే. సర్కారు చేతిలో పడితే ఏ లింకు పైన ఉండాలో చెప్పే ఫోన్లు ఎక్కణ్నుంచి వస్తాయో మనకి తెలీదా?

అలాగని ఇప్పుడున్నదే బాగుందని ఆవిడతో వాదించలేను. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ పేపర్లో తామే రాశారు, యాడ్ల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజిన్ యాడ్ ఇచ్చేవాళ్ల వైపే మొగ్గుతుందని. 2000లో గూగుల్ యాడ్స్ అమ్మడం మొదలుపెట్టింది.