చదివిన రోజుల లెక్క
రోజుకు ఎన్ని పేజీలు చదివామో రాసుకోవడం కన్నా, ఎక్కడ ఆగామో, ఎందుకు ఆగామో రాసుకోవడమే మేలని నా గట్టి నమ్మకం. ఫోన్‌లోని యాప్‌లు పుస్తకాల సంఖ్యనూ, మధ్యలో తెగకుండా సాగిన రోజులనూ లెక్కిస్తాయి. మొదట్లో ఆ లెక్క ఉత్సాహమిస్తుంది, కాదనను. డిసెంబరు వచ్చేసరికి మాత్రం ఏడాది లక్ష్యం కోసం సన్నటి పుస్తకాలు వెతుక్కునేలా చేస్తుంది. నిఘంటువు, వ్యాఖ్యానం పక్కన పెట్టుకుని మనుచరిత్రలో ఒక్క పద్యం చదివితే సాయంత్రమంతా గడిచిపోతుంది. యాప్ లెక్కలో ఆ రోజు పేజీ కూడా తిరగలేదు. ‘వేయిపడగలు’ అంతటి నవలా అక్కడ ఒకటే, పిల్లల బొమ్మల పుస్తకమూ ఒకటే. పైగా ఐఎస్‌బీఎన్ లేని మన పాత ముద్రణలు చాలావరకు ఆ యాప్‌లలో కనిపించనే కనిపించవు. చార్లెస్ డార్విన్ 1838 నుంచి 1860 వరకు చదువు కోసమే నోటు పుస్తకాలు నడిపాడు: చదవాల్సినవి ఒక జాబితా, చదివినవి ఇంకో జాబితా, కొన్నిటి పక్కన రెండు ముక్కల్లో తన అభిప్రాయం. ఎరవాడ జైల్లో ఉన్నప్పుడు గాంధీ కూడా పూర్తిచేసిన పుస్తకాల పేర్లు డైరీలో రాసుకున్నారు. అవి పోటీకి రాసినవి కావు. మనకూ అంతే చాలు: తేదీ, పుస్తకం పేరు, ఆగిన పేజీ, అర్థంకాని మాట ఒకటి, మనసులో నిలిచిన సంగతి ఒకటి. చదవని రోజును ఖాళీగానే వదలండి, మర్నాటి పేజీలతో పూడ్చకండి. సగంలో వదిలేసిన పుస్తకాన్నీ, వదిలేసిన కారణాన్నీ తప్పక రాయండి. పదేళ్ల తర్వాత అది మళ్లీ చేతికొస్తే, ఆ కారణం ఇంకా నిలుస్తుందో లేదో మీరే చూసుకోవచ్చు.