రికార్డులో లేని కొంగ

కొన్నేళ్ల కిందట ఒక డిగ్రీ కాలేజీలో సాహిత్య సభకు వెళ్లాను. స్టాఫ్‌రూమ్ బల్ల మీద పర్యావరణ విద్య రికార్డులు దొంతరగా పేర్చి ఉన్నాయి. నాలుగైదు తిరగేశాను. అన్నింటిలోనూ ఒకే చెరువు, అవే పిట్టలు, అదే వరుస. ఒకరి పుస్తకంలో దొర్లిన అక్షరదోషం మిగతావాళ్ల పుస్తకాల్లోకీ దిగింది. కిటికీలోంచి చూస్తే ఊరి చెరువు ఎదురుగానే ఉంది. గట్టు మీది తుమ్మచెట్టు నిండా కొంగలు. ఆ కొంగ ఒక్క రికార్డులోనూ లేదు.

ఏ గ్రూపు తీసుకున్నా డిగ్రీ విద్యార్థులందరూ పర్యావరణం చదవాలని సుప్రీంకోర్టు ఆదేశిస్తే, 2003లో యూజీసీ ఆరు నెలల పాఠ్యక్రమం తయారుచేసింది. అందులో వంద మార్కులకు పాతిక మార్కులు క్షేత్ర పర్యటనకే కేటాయించారు. దగ్గరలోని చెరువునో, వాగునో, కొండవాలునో చూడాలి. అక్కడి మొక్కల్ని, పురుగుల్ని, పక్షుల్ని గుర్తుపట్టాలి. ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? కానీ మన కాలేజీల్లో చాలాచోట్ల ఆ పాతిక మార్కులూ చెరువు చూడకుండానే పడుతున్నాయి.

తన సబ్జెక్టుతో పాటు అందరికీ అవసరమైన చదువు కొంత ఉండాలన్నది నిన్న మొన్నటి ఆలోచన కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షత వహించిన 1948-49 విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఈ మాటే గట్టిగా చెప్పింది. అంతకుముందు ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడిగా పనిచేశారు. ఆ విశ్వవిద్యాలయపు తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి అలాంటి చదువుకు తానే ఉదాహరణ; కేంబ్రిడ్జిలో చరిత్ర చదివి, తెలుగులో అర్థశాస్త్రం రాసి, 'కవిత్వతత్త్వ విచారము'తో మన విమర్శకు కొత్త దారి వేశారు. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన చట్రంలోనూ మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లుంటే భాషలకు 8, ఇతర శాస్త్రాలకు 9 కేటాయించారు. కాగితం మీద లోటేమీ లేదు.

లోటంతా తరగతి గదిలో ఉంది. ఈ తప్పనిసరి క్లాసులకు నాలుగు సెక్షన్లను కలిపి ఒక హాల్లో కూర్చోబెడతారు. టైంటేబుల్లో మిగిలిపోయిన పీరియడ్ ఇస్తారు. పోస్టు ఖాళీగా ఉంటే ఎవరికి తీరికుంటే వాళ్లు చెబుతారు. పరీక్షకు వారం ముందు గైడు కొనుక్కుంటే చాలని పిల్లలకు మొదటి నెలలోనే అర్థమైపోతుంది.

నేను బీఎస్సీ చదివిన రోజుల్లో కెమిస్ట్రీ ల్యాబ్ అయ్యాక తెలుగు క్లాసు ఉండేది. నైట్రిక్ ఆమ్లంతో పచ్చబడ్డ వేళ్లతోనే వచ్చి కూర్చునేవాళ్లం. మా తెలుగు మాస్టారు గురజాడ 'దిద్దుబాటు' కథ చెప్పి, అందులోని భర్త నిజంగా మారాడా, భయపడ్డాడా అని అడిగారు. బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ రోజు నేర్చుకున్న ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కెమిస్ట్రీ చదివేవాడికి కథ ఎందుకు, చెరువు ఎందుకు అని అడిగేవాళ్లు ఒక్కసారి పటాన్‌చెరు పక్కనున్న నక్కవాగును తలుచుకోవాలి. దాన్ని విషం చేసిన ఫ్యాక్టరీలను నడిపింది చదువురానివాళ్లు కాదు. రసాయనం వాళ్లకు క్షుణ్ణంగా తెలుసు. ఆ వాగు నీళ్లు తాగే గేదె గురించి, ఆ నీళ్లతో పండే పొలం గురించి ఆలోచించడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. అది నేర్పవలసిన గంటలే ఇవి.

అందుకే పర్యావరణం, తెలుగు లాంటి ఈ తప్పనిసరి పేపర్లను ఎత్తేయమనే వాదనకు మేము వ్యతిరేకం. తప్పనిసరి అన్న మాట విద్యార్థితో పాటు కాలేజీకీ వర్తించాలి. ఈ క్లాసులకు ఉదయపు పీరియడ్ ఇవ్వండి. ఉన్నవాళ్లలో బాగా చెప్పే అధ్యాపకులకు అప్పగించండి. పాతిక మార్కులు వేసే ముందు పిల్లల్ని ఒక్కపూట చెరువు దాకా నడిపించండి.

విద్యార్థులారా, మీకూ ఒక మనవి. మీ ఊరి చెరువు దగ్గర కనిపించిన పిట్టల్ని, చెట్లను మీ తాతలు, అమ్మమ్మలు ఏ పేర్లతో పిలుస్తారో అడిగి రాసి పంపండి. ఆ పేర్లను మా పత్రికలో అచ్చు వేస్తాం.