షుగర్ దాచి పెళ్లి చేశాం సరే, పుట్టబోయే బిడ్డ సంగతి?

కాస్త ఘాటుగానే రాస్తున్నాను.

అమ్మాయికి షుగరుందని సంబంధం మాట్లాడేటప్పుడు దాస్తాం. అత్తగారింట్లో ఆ పిల్ల చాటుగా మాత్రలు మింగాలి. నెల తప్పితే దిష్టి తగులుతుందని మూడో నెల దాకా ఎవరికీ చెప్పం. బిడ్డ వెన్ను, గుండె ఏర్పడేది ఆ మొదటి వారాల్లోనే! హెచ్‌బీఏ1సీ 6.5 లోపుకు తేవడం, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడం, అవసరమైతే డాక్టరు మాత్రలు మార్చడం, అన్నీ నెల తప్పకముందే జరగాలి. ఇన్సులిన్ అంటే జడుపెందుకు? అది మాయ దాటి బిడ్డకు చేరదు.

గర్భిణులందరికీ షుగర్ పరీక్ష చేయాలని పట్టుబట్టిన డాక్టర్ వి. శేషయ్య పనిచేసింది మన చెన్నైలోనే. మన ఉగాది వైద్య శిబిరంలో మాత్రం తాతయ్యలకే వరస! వచ్చేసారి కొత్తకోడళ్లు గుట్టుగా చూపించుకునేలా విడిగా ఏర్పాటు చేయండి. సామూహిక సీమంతం లడ్డూల ఖర్చు అందుకు చాలు.