చేతిపని: పుస్తకాలకు ఒక కొయ్య స్టాండు

పిల్లలూ! ఈ పేజీ చదవడం ఒక్క నిమిషం ఆపి, మీరు రోజూ కూర్చుని చదువుకునే చోటు ఎలా ఉందో చూసి రండి.

చూశారా? మీలో కొందరికి సొంత బల్ల ఉండి ఉంటుంది. కొందరు భోజనాల బల్ల మీద రాసుకుంటారు, కొందరు మంచం మీద, కొందరు వసారాలో చాప మీద. ఎక్కడ కూర్చున్నా ఒక సంగతి మాత్రం అందరికీ ఒకటే. లెక్కల నోటుపుస్తకం కావలసి వచ్చినప్పుడు అది తప్ప మిగిలినవన్నీ చేతికి తగులుతాయి. స్కేలు మంచం కింద ఉంటుంది, వృత్తలేఖిని తమ్ముడి దగ్గర ఉంటుంది. అరగంట చదువులో పది నిమిషాలు వెతుకులాటకే పోతుంది. అమ్మ వచ్చి, "ఎంతసేపురా!" అంటుంది.

ఈ నెల మనం ఒక చిన్న కొయ్య స్టాండు చేద్దాం. ఇది అలంకారానికి కాదు. మీ పుస్తకాలూ, కలాలూ అన్నీ దానిలో ఉంచుకుని, రెండు చేతులతో ఎత్తి ఎక్కడ పెట్టుకుంటే అక్కడే మీ చదువుల బల్ల అన్నమాట. ఇలాంటిది కావాలని నాకు తట్టడానికి ఒక పిల్లవాడు కారణం. ముందు ఆ కథ చెప్పాలి. అందులో తప్పు నాదే.

1993లో నేను కృష్ణా జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. తెలివైనవాడే గాని, వారానికి రెండుసార్లయినా నోటుపుస్తకం లేకుండా వచ్చేవాడు. తెచ్చిన రోజున దాని అట్ట మీద సుద్దగీతలు, పేజీల మధ్య దారపు ముక్కలు ఉండేవి. "ఎందుకిలా?" అని అడిగితే తల వంచుకుని నిలబడేవాడే తప్ప మాట్లాడేవాడు కాదు. నేను వాణ్ణి చాలాసార్లు తరగతి బయట నిలబెట్టాను. నిర్లక్ష్యం మనిషి అని నలుగురి ముందూ అన్నాను కూడా.

ఒకనాటి సాయంత్రం చొక్కా కుట్టించుకుందామని బజారులో ఒక దర్జీ దుకాణానికి వెళ్ళాను. ఆ దర్జీ ఈ కుర్రవాడి తండ్రేనని అక్కడికి వెళ్ళాకనే తెలిసింది. దుకాణమే ఇల్లు. ఇంటికంతా కలిపి ఒకటే బల్ల, గుడ్డ కత్తిరించే బల్ల. దాని మూల కూర్చుని వాడు నేను ఇచ్చిన లెక్కలే చేస్తున్నాడు. ఇంతలో ఎవరో పెళ్ళివారు గుడ్డలు తెచ్చారు. తండ్రి ఏమీ అనలేదు, వాడి వైపు చూశాడంతే. వాడు చప్పున లేచి పుస్తకాలు, కలం, స్కేలు, అన్నీ ఒక్క ఊపున గోనెసంచిలోకి తోసి సంచిని మూలకు జరిపాడు. గుడ్డలు కత్తిరించడం అయ్యాక మళ్ళీ సంచి బోర్లించి, కావలసినవి ఏరుకున్నాడు. రాత్రి తొమ్మిదయ్యేలోగా ఇలా మూడు నాలుగుసార్లు జరుగుతుందట.

"అయ్యగారూ, వీడు సరిగా చదువుతున్నాడా?" అని అడిగాడు తండ్రి.

"చదువుతున్నాడు," అన్నాను. అంతకు మించి నాకు నోట మాట రాలేదు.

వాడికి కావలసింది బల్ల కాదు. బల్ల కొన్నా పెట్టడానికి ఆ ఇంట్లో చోటు లేదు. వస్తువులకు ఒక స్థానం కావాలి, ఆ స్థానం కదిలేది కావాలి. మరుసటి ఆదివారం వాణ్ణి వెంటబెట్టుకుని మా ఊరి వడ్రంగి దగ్గరికి వెళ్ళాను. పేకింగు పెట్టెల చెక్కలు కొన్ని తీసుకుని, నాకు తోచిన కొలతలు చెప్పి ఒక స్టాండు కొట్టించాను. తీరా చూస్తే అందులో అట్లాసు పట్టలేదు. రెండు వేళ్ళ ఎత్తు తక్కువయింది!

వడ్రంగి నవ్వి, "పెట్టే పుస్తకాలు తేకుండా స్టాండు కొట్టమంటే ఎలాగండీ మాస్టారూ? కోసిన చెక్కను మళ్ళీ సాగదియ్యలేం గదా!" అన్నాడు.

కుర్రవాడు మెల్లిగా, "మా నాన్న కూడా మనిషి రాకుండా చొక్కా కత్తిరించడండీ," అన్నాడు. వాడు నాతో అంత పెద్ద మాట మాట్లాడడం అదే మొదలు.

కనక మీరు నాలాగా చెయ్యకండి. ముందు మీ పుస్తకాలన్నీ నేల మీద పరిచి, అన్నిటికన్న ఎత్తయినదాన్నీ, అన్నిటికన్న వెడల్పయినదాన్నీ ఏరి కొలవండి. మామూలుగా వాడే ఎ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు, వెడల్పు 21 సెంటీమీటర్లు. అందుచేత పుస్తకం నిలబడే అర లోపలి ఎత్తు 31 సెంటీమీటర్లు, లోతు 22 సెంటీమీటర్లు ఉంటే చాలామందికి సరిపోతుంది. మీ అట్లాసు ఇంకా పెద్దదయితే దానికి తగ్గట్టు పెంచుకోండి.

ఇప్పుడు చెక్క సంగతి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి. 40 సెంటీమీటర్ల పొడవు, 22 సెంటీమీటర్ల వెడల్పు గల పలకలు నాలుగు కావాలి. నాలుగూ ఒకే కొలత కావడం మన అదృష్టం. చెక్కల దుకాణంలోనే ఒక్కసారి కోయించుకుంటే మీకు రంపం పని చాలావరకు తప్పుతుంది. రెండు పలకలు పక్కలకు నిలబెడతాం, రెండు అడ్డంగా అరలవుతాయి. వీటితోపాటు 2 సెంటీమీటర్ల మందం ఉన్న చదరపు బద్దలు కొన్ని, 25 మిల్లీమీటర్ల మేకులు, కొయ్య అంటించే తెల్ల జిగురు, గరుకు కాగితం ఉంటే చాలు. అంతా కలిపి ఖాళీ స్టాండు సుమారు రెండున్నర కిలోలు తూగుతుంది.

ప్లైవుడ్డే ఎందుకంటారా? మామూలు కొయ్యలో పోగులన్నీ ఒకే దిక్కుగా ఉంటాయి. కట్టెలు కొట్టేవాళ్ళను చూడండి, గొడ్డలి పోగుల వెంట పడితే దుంగ చటుక్కున రెండవుతుంది, అడ్డంగా పడితే ఎంతకూ తెగదు. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోవడం కూడా ఇందువల్లనే. కొయ్య తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో మాత్రం దాదాపు మారదు. ప్లైవుడ్‌లో పలుచటి పొరలను ఒకదాని పోగులు నిలువుగా, దానిపై దాని పోగులు అడ్డంగా వచ్చేటట్లు అంటిస్తారు. అందుచేత అది ఏ దిక్కుకూ సులువుగా చీలదు, అంతగా ఉబ్బదు. మామూలు పలకతో చేసేవాళ్ళు మాత్రం పోగులు అర పొడవు వెంట ఉండేటట్లు చూసుకోవాలి.

పాత పేకింగు పెట్టెల చెక్క దొరికితే అదీ మంచిదే, ఖర్చు ఉండదు. కాని విదేశాలకు తిరిగే సరుకు పెట్టెల మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. పురుగు పట్టకుండా ఆ చెక్కకు ఏం చేశారో అందులో రాసి ఉంటుంది. "హెచ్‌టి" అని ఉంటే చెక్కను వేడి చేశారని అర్థం. కొయ్య నడిబొడ్డు కూడా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉండాలని నియమం. అది నిర్భయంగా వాడవచ్చు. "ఎంబి" అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారన్నమాట. ఆ చెక్క మనకు వద్దు.

పని మొదలుపెడదాం. బద్దలలో నుంచి 20 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కోయండి. పక్క పలక లోపలివైపున కింది నుంచి 2.8 సెంటీమీటర్ల ఎత్తున ఒక గీత, 35 సెంటీమీటర్ల ఎత్తున ఇంకొక గీత గియ్యండి. రెండో పలకకూ అలాగే. బద్దల పై అంచు ఆ గీతలకు సరిగా ఆనేటట్లు జిగురు రాసి, బయటినుంచి మేకులు కొట్టండి. అర పలకలు ఈ బద్దల మీద కూర్చుంటాయి. పలక మందం 1.2 గనక కింది అర పైభాగం 4 సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి పై అర అడుగు 31. లెక్క సరిపోయిందా? పై అరకు మీదుగా పక్క పలకలు దాదాపు 4 సెంటీమీటర్లు లేచి ఉంటాయి కనక కలాలు పక్కలకు దొర్లిపోవు.

మేకు కొట్టేటప్పుడు ఒక చిట్కా. మేకును తలకిందులుగా రాతి మీద పెట్టి, దాని మొన మీద సుత్తితో మెల్లిగా ఒక్క దెబ్బ వెయ్యండి. మొన మొద్దుబారుతుంది. "మొన వాడిగా ఉంటేనే గదా బాగా దిగేది?" అనకండి. వాడి మొన పోగులను రెండు పక్కలకూ నెట్టి కొయ్యను చీలుస్తుంది. మొద్దు మొన పోగులను నలిపి తెంపుకుంటూ దిగుతుంది. మా వడ్రంగి దీన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఇరవై ఏళ్ళు సైన్సు మాస్టర్ల పక్కన కూర్చున్న నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. రంపం, సుత్తి పట్టినప్పుడు మాత్రం పక్కన పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి. వేలు నలిగితే ఈ నెల లెక్కలన్నీ ఎడమచేత్తో చెయ్యవలసి వస్తుంది.

అరలు బిగించేముందు మూలమట్టం చూసుకోవాలి. మూలమట్టం పరికరం లేకపోతే దిగులు లేదు, టేపు చాలు. కింది అర పైభాగం పక్క పలకకు ఆనే మూల నుంచి పక్క పలక వెంట పైకి 30 సెంటీమీటర్ల దగ్గర ఒక చుక్క పెట్టండి. అర పొడవు 40 సెంటీమీటర్లు. ఆ చుక్క నుంచి అర అవతలి చివరకు ఐమూలగా కొలిస్తే సరిగ్గా 50 రావాలి. ముప్ఫైని ముప్ఫైతో హెచ్చవేస్తే 900, నలభైని నలభైతో హెచ్చవేస్తే 1600. రెండూ కలిపితే 2500. యాభైని యాభైతో హెచ్చవేసినా అంతే! పైతరగతుల వాళ్ళకు ఇది ఏ సిద్ధాంతమో నేను చెప్పనక్కరలేదు. 50 కన్న ఎక్కువ వస్తే పక్క పలక బయటికి వాలిందన్నమాట, తక్కువ వస్తే లోపలికి వాలింది. సరిచేసి అప్పుడు మేకు కొట్టండి.

ఇక్కడితో ఆపితే స్టాండు అటూ ఇటూ ఊగుతుంది. మా రెండో స్టాండు అలాగే ఊగింది. కారణం తెలియాలంటే నాలుగు అట్టముక్కలను మూలల్లో గుండుసూదులతో గుచ్చి చతురస్రం చెయ్యండి. పక్కకు నొక్కితే అది వాలిపోతుంది. మూడు ముక్కలతో త్రిభుజం చేసి నొక్కండి, కదలదు! అందుకే పల్లెల్లో కొయ్య గేట్లకు ఐమూలగా ఒక పట్టీ కొడతారు. మన స్టాండుకు కూడా వెనకవైపు ఒక మూల నుంచి ఎదుటి మూలకు సుమారు 55 సెంటీమీటర్ల పలుచటి పట్టీని జిగురుతో అంటించి, సన్నటి మేకులు కొట్టండి. పుస్తకాలు వెనక్కు జారకుండా కూడా అది అడ్డుపడుతుంది.

"అరను ఇంకా పొడుగు చేస్తే ఎక్కువ పుస్తకాలు పడతాయి గదా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. రెండు పుస్తకాల మీద స్కేలును వంతెనలాగా పెట్టి, మధ్యలో ఒక బరువు ఉంచి చూడండి. పుస్తకాలను దూరం జరిపేకొద్దీ స్కేలు వంగుతుంది. దూరం రెట్టింపయితే అదే బరువుకు వంపు రెండింతలు కాదు, ఎనిమిదింతలు! మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. కనక పొడుగాటి స్టాండు కావాలంటే మందపు చెక్క కావాలి, అప్పుడు ఎత్తడం మీ తరం కాదు.

ఎత్తడానికి పక్కలకు బయటివైపున 15 సెంటీమీటర్ల బద్ద ఒక్కొక్కటి బిగించండి. వేళ్ళకు పట్టు దొరుకుతుంది. బరువంతా ఈ బద్దల మీదనే గనక జిగురు ఎక్కువ రాసి, జిగురు పూర్తిగా ఆరేవరకు, అంటే ఒక రోజంతా, ముట్టుకోకండి. తరవాత అంచులన్నీ గరుకు కాగితంతో పోగుల వెంట రుద్దండి. బరువైన పుస్తకాలు కిందనే ఉండాలి, పైన కలాలూ జామెట్రీ పెట్టే.

నేల మీద పెడితే స్టాండు తడబడుతున్నదా? ఏ మూల కింద కాగితం దూరుతుందో చూసి, దాని పక్క మూలలను గరుకు కాగితం మీద కాస్త అరగదియ్యండి. కొయ్యవద్దు సుమా! ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక స్టూలు కాళ్ళను సమం చేద్దామని ఒకదాని తరవాత ఒకటి కోస్తూ పోయాను. సాయంత్రానికి అది పీట అయింది. మా ఇంట్లో దానిమీదే చాలాకాలం దేవుడి దీపం పెట్టారు.

దర్జీ కొడుకు మూడో స్టాండు ఊగలేదు. పెళ్ళివారు గుడ్డలు తెచ్చినప్పుడు వాడు దాన్ని ఎత్తి కుట్టుమిషను పక్కన నేల మీద పెట్టుకుని, ఆపకుండా రాసుకునేవాడు. తరగతి బయట నిలబెట్టినందుకు నేను వాణ్ణి అదే తరగతిలో, అందరూ వింటూండగా, క్షమించమని అడిగాను. వాడు మళ్ళీ తల వంచుకున్నాడు గాని ఈసారి నవ్వుతున్నాడు.

పోయిన సంక్రాంతికి ఆ ఊరు వెళ్ళాను. ఆ దుకాణం ఇప్పుడు వాడిదే. పాత స్టాండు కత్తిరింపు బల్ల మీద ఉన్నది, కింది అరలో లెక్కల పుస్తకాలకు బదులు కొలతల పుస్తకాలు, పై అరలో దారపు ఉండలు. కూతురికి కొత్తది చేశాడట, తీసుకువచ్చి చూపించాడు. ఇప్పటి అట్లాసు కొలిచి ఎత్తు పెంచాడు. వెనక పట్టీ పక్కన పై అరకు గుండ్రంగా ఒక రంధ్రం తొలిచాడు.

"ఇదెందుకురా?" అన్నాను.

"ఫోను ఛార్జరు తీగకండీ మాస్టారూ. ముందు ప్లగ్గు తెచ్చి కొలుచుకున్నాకనే తొలిచాను," అన్నాడు.