మిషను ఇచ్చేముందు పని నేర్పాలి

కోనసీమ కొబ్బరి తోటల్లో గడ్డి కోయడానికి, కలుపు తీయడానికి కూలీలు దొరకడం గగనమైపోయింది. కూలి గిట్టుబాటు కావడం లేదని రైతులు, ఏడాది పొడుగునా పని వుండడం లేదని కూలీలు వాపోతున్నారు. ఇటువంటి పరిస్థితిలో గడ్డి కోసే బ్రష్ కట్టరు, కలుపు దున్నే పవర్ వీడరు, చెట్లు కోసే రంపం మిషను తోటల్లోకి వచ్చాయి. ఇది ఆహ్వానించదగ్గ మార్పే. అయితే మిషను వచ్చినంత వేగంగా దానిని వాడే పద్ధతి రాలేదు. ఈ లోటుకు మూల్యం చెల్లించేది మాత్రం కూలీయే.

కొనేది ఒకరు, నడిపేది మరొకరు

దుకాణదారు తాడు లాగి ఇంజను స్టార్టు చేసి చూపిస్తాడు. రైతు డబ్బు కట్టి రసీదు పుచ్చుకుంటాడు. అంతటితో శిక్షణ పూర్తి అయినట్లే. మర్నాడు ఆ మిషను రోజుకూలీకి వచ్చిన కుర్రవాడి భుజాన వుంటుంది. దానితోపాటు ఇచ్చిన పుస్తకం అట్టపెట్టెలోనే వుండిపోతుంది. మోటారు సైకిలు నడపాలంటే లైసెన్సు కావాలి. నిమిషానికి వేలసార్లు తిరిగే బ్లేడును పట్టుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. కన్ను పోయినా, కాలు తెగినా ఆ కుర్రవాడి ఇంట్లో మర్నాటి నుంచి పొయ్యి వెలిగించేదెవరు?

నేర్చుకోవలసింది కొండంత ఏమీ లేదు. పంచె, లుంగీ, మెడలో తువ్వాలు, వట్టి కాళ్ళు ఈ పనికి పనికిరావు. బిగుతైన ప్యాంటు, గట్టి బూట్లు, కంటిని పక్కల నుంచి కూడా కప్పే రక్షణ అద్దాలు వుండాలి. చలవ కళ్ళద్దాలు రాయి దెబ్బను ఆపలేవు. మిషను స్టార్టు చేసేముందు తోటంతా ఒకసారి నడిచి రాళ్ళు, తీగముక్కలు, కొబ్బరి చిప్పలు ఏరివేయాలి. చుట్టూ 50 అడుగుల లోపు పిల్లలు, పశువులు లేకుండా చూడాలి. ఇంజను మోతలో పిలుపు వినిపించదు. అందుచేత నడిపేవాని వెనుక నుంచి వెళ్ళి భుజం తట్టకూడదు. ఎదురుగా, దూరంగా నిలబడి చేయి వూపాలి.

కొత్తవాడు మొదట నైలాను తీగతో లేత గడ్డి మీద చేయి అలవాటు చేసుకోవడం మంచిది. ఇనుప బ్లేడు చెట్టు మొదలుకు తగిలితే మిషను ఒక్క విసురున పక్కకు కొడుతుంది. భుజం పట్టీ ఇచ్చింది అందుకే. అది బరువని తీసివేయడం పొరపాటు. గడ్డి చుట్టుకున్నప్పుడు ఇంజను ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచిన తరువాతే చేయి పెట్టాలి. పెట్రోలు పోసేటప్పుడు ఇంజను చల్లారాలి, దగ్గర బీడీ వుండకూడదు. పవర్ వీడరును రివర్సులో నడిపితే మనిషి చెట్టుకూ మిషనుకూ నడుమ చిక్కుకునే ప్రమాదమున్నది. కరెంటుతో నడిచే మిషనును తడి నేలలో వాడరాదు. అతుకుల వైరు వాడరాదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటును కట్ చేసే బ్రేకరు బోర్డులో వుంటే ప్రాణానికి కొంత భరోసా.

గొయ్యి తవ్వడమూ విద్యే

గునపం, పార పట్టడం ఎవరికైనా వచ్చునన్నది మరొక అపోహ. ఘనపు మీటరు మట్టి సుమారు టన్నున్నర బరువుంటుంది. అది గుండెల మీద పడితే మనిషి వూపిరి తీసుకోలేడు. కోనసీమలో ఇసుక పాలు ఎక్కువున్న చోట్ల కొద్ది లోతుకే నీరు వూరి అంచు జారుతుంది. మొక్క నాటే మూడడుగుల గొయ్యి సంగతి వేరు. సెప్టిక్ ట్యాంకు కోసమో, పైపుల కోసమో అయిదడుగులు దాటి తవ్వేటప్పుడు పక్కలకు చెక్కలు దన్ను పెట్టాలి, లేదా అంచులను ఏటవాలుగా కోయాలి. తవ్విన మట్టిని అంచున కుప్ప పోయకుండా దూరంగా వేయాలి. ఒంటరిగా దిగరాదు. అంచు కూలితే కంగారుపడి రెండోవాడు దూకరాదు. సాయంత్రం పని ఆపేటప్పుడు గొయ్యి మీద బలమైన మూత వేసి, చుట్టూ కంచె కట్టాలి.

నేల కింద ఏమున్నదో తెలుసుకోవడం కూడా ముఖ్యమే. తోటల అడుగున గ్యాసు పైపులు, మంచినీటి గొట్టాలు, టెలిఫోను కేబుళ్ళు పోతున్నాయి. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా మరణించారు. అది తవ్వకం వల్ల జరిగింది కాదు. అయినా కాళ్ళ కింద ఎటువంటి ప్రమాదం వుండగలదో ఆ ఉదయం కోనసీమ అంతా చూసింది. పైపులైను గుర్తు రాళ్ళున్న చోట సంబంధిత సంస్థను అడగకుండా గునపం వేయరాదు. తవ్వేముందు కేబుళ్ళ, పైపుల యజమానులకు తెలియజేయడానికి 2023 మార్చిలో కేంద్రం ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్‌ను ప్రారంభించింది. పొక్లెయినుతో తవ్వించే కాంట్రాక్టర్లు దానిని వాడుతున్నదీ లేనిదీ పంచాయతీలు అడగాలి.

నూర్పిడి యంత్రాల్లో కూలీల చేతులు తెగిపోతున్నందున 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. తయారు చేసేవారికి, అమ్మేవారికి కూడా బాధ్యత వుండాలన్నదే దాని ఉద్దేశం. తోట మిషన్ల విషయంలోనూ అదే న్యాయం వర్తించాలి. వ్యవసాయ యంత్రాలలో శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వున్నది. కోనసీమ కూలీ పని మానుకుని అంత దూరం వెళ్ళడం జరిగే పని కాదు. శిక్షణే వూరికి రావాలి.

ప్రభుత్వం సబ్సిడీపై ఇచ్చే ప్రతి మిషనుకూ రైతు సేవా కేంద్రం వద్ద పూటపాటు శిక్షణ తప్పనిసరి చేయాలి. దానికి కొన్న రైతుతోపాటు నడిపే కూలీ కూడా హాజరు కావాలి. ఆ పూట కూలి రైతు ఇవ్వాలి. రక్షణ అద్దాలు, బూట్లు మిషను ధరలోనే చేర్చి అందజేయాలి. అందరికీ తీరిక ఎక్కడున్నదని దుకాణదారులు అనవచ్చు. ఆస్పత్రి మంచం మీద గడిపే నెలలతో పోలిస్తే ఒక పూట ఎక్కువ కాదు.

మిషను పాడైతే విడిభాగాలు అమలాపురంలో దొరుకుతాయి. మనిషి కన్నుకు విడిభాగం ఏ దుకాణంలోనూ దొరకదు. వ్యవసాయ శాఖ అధికారులు ఈ విషయమై తక్షణం శ్రద్ధ వహించడం ఎంతైనా అవసరం.