రైలుకట్ట ప్రక్క నేల

మా వైపు వాళ్ళకు రైలు దూరపు చుట్టం. సోమశిలలో కృష్ణ ఉన్నది, పడవ ఉన్నది, కొల్లాపురం పోవడానికి బస్సు ఉన్నది. రైలు మాత్రం లేదు. వనపర్తికి స్టేషను ఉన్నదంటారు గాని, దాని పేరు ‘వనపర్తి రోడ్డు’. రైల్వేవారి భాషలో ఊరి పేరుకు ‘రోడ్డు’ అనే తోక తగిలించారంటే, “అయ్యా, దిగడం ఇక్కడే, ఊరు మాత్రం ఇంకా ముందున్నది” అని అర్థం. మాలో గద్వాలే కొంచెం అదృష్టం చేసుకున్నది. 2013లో రాయచూరు లైను కలిసి జంక్షను హోదా కూడా దక్కింది.

అలాంటివాణ్ణి, ఈ వారం రైలు స్టేషన్ల ప్రక్కనుండే పాత భూముల గురించి రాస్తున్నానంటే మా ఆవిడ నవ్వింది. “మీకూ వాటికీ ఏమిటి సంబంధం?” అన్నది. సంబంధం రైలుతో కాదు, నేలతో. 1981లో శ్రీశైలం జలాశయం నీళ్ళు మా పాత ఊరిమీదికి వచ్చేనాటికి నేను చంకబిడ్డను. సోమేశ్వరుడి గుళ్ళను రాయి రాయి విప్పి మెరకమీదికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. మనుషులను అట్లా విప్పి కట్టడం కుదరలేదు. దాదాపు నూరు ఊళ్ళు, లక్షమంది జనం. ఇంటికొక ఉద్యోగమని 1986లో జీవో 98 వచ్చింది. ఆ కాగితం మడతపెట్టి పెట్టెలో దాచుకున్నవాళ్ళు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. ఒక నేల ఒక పని మానేసి ఇంకో పనిలోకి మారేటప్పుడు మధ్యలో ఎవరు మిగిలిపోతారన్నది మాకు చదువుకొని తెలుసుకోవలసిన పాఠం కాదు.

వరంగల్‌లో మా మేనత్తగారున్నారు. అక్కడికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ పొరుగింటి పెద్దమనిషితో అరుగుమీద కూర్చుంటాను. ఆయన ఆజంజాహి మిల్లులో స్పిన్నింగు ఖాతాలో పనిచేశాడు. 1934లో నిజాము కట్టించి, పెద్దకొడుకు ఆజంజా పేరు పెట్టిన మిల్లు అది. స్టేషనుకు దగ్గరలోనే దాదాపు రెండువందల ఎకరాల్లో ఉండేది. స్టేషను దగ్గరలో ఎందుకంటే, పత్తి బేళ్ళు దిగాలి, బొగ్గు దిగాలి, నేసిన గుడ్డ బండెక్కాలి. అప్పట్లో రైలుకట్ట ప్రక్క నేలకున్న విలువ అదే. తర్వాత జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్ళింది, నష్టాలన్నారు, 2002లో స్వచ్ఛంద పదవీ విరమణ అనే మంచి పేరుతో కార్మికులను ఇళ్ళకు పంపి గేటు మూశారు. (స్వచ్ఛందం అనే సంస్కృత పదానికి ఇంత విచిత్రమైన ప్రయోగం నేను ఏ కావ్యంలోనూ చూడలేదు.)

“సారూ, పొద్దుగాల సైరను గూస్తె సగం ఊరు లేచేది. మా అవ్వకు గడియారం సూసుడు రాదు, సైరను ఇని నాకు సద్ది గట్టేది” అన్నాడాయన. “గిప్పుడు గా జాగల నడుస్తుంటె, ఎవలు గావాలె తాతా అని నన్నే అడుగుతున్రు.”

ఆ జాగా ఏమైందో పాఠకులకు చెప్పాలి. మిల్లు యంత్రాలు పాత ఇనుము కిందికి పోయాయి. భూమిలో పెద్దభాగం నగరాభివృద్ధి సంస్థ చేతికి వచ్చింది, ప్లాట్లు పడ్డాయి. ఆ కొత్త కాలనీకి ‘ఓ సిటీ’ అని పేరు. ఓరుగల్లు అందామని కాబోలు మొదలుపెట్టి, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయారు. మిల్లు మైదానంలో మరికొంత భాగంలో జిల్లా కలెక్టరేటు కట్టాలని 2023లో పని మొదలుపెట్టారు. కార్మికులేమో తమకు ఇంటిస్థలాలు ఇవ్వాలని ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగారు. మా జీవో 98 వాళ్ళను తెచ్చి ఆ వరుసలో నిలబెడితే, ఎవరు ఏ ఊరివాళ్ళో పోల్చుకోవడం కష్టం.

ఇందులో ఇంకొక సంగతి ఉన్నది, అది నాకు మింగుడు పడదు. 2017 అక్టోబరులో వరంగల్ దగ్గరే గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన చేశారు. దానికోసం వెయ్యి ఎకరాలకు పైగా సేకరించారు. గుడ్డ నేసిన నేలను ఇళ్ళకు అమ్మారు, పంట పండిన నేలను గుడ్డ నేయడానికి తీసుకున్నారు. ఈ రెండూ ఒకేసారి జరగలేదు, ఒకే ఆఫీసు చేయలేదు, అది ఒప్పుకుంటాను. కాని ఊరు మాత్రం ఒకటే గదా!

ఇట్లాంటి పాత పారిశ్రామిక నేలను మళ్ళీ వాడుకోవడం మంచిదే. అది కాదనడం లేదు. ఊరు పొలాలను మింగుతూ బయటికి పాకేకంటే, నడిబొడ్డున పాడుపడి ఉన్నచోటే ఇల్లూ బడీ కట్టుకోవడం తెలివైన పని. రైలు దిగి నడిచి ఇంటికి పోగలవాడికి మోటారు బండి అవసరం ఉండదు. అయితే ఆ నేల పొలంలాంటిది కాదు. బొగ్గు బూడిద, యంత్రాల నూనె, అద్దకపు రంగులు దశాబ్దాలపాటు మట్టిలోకి దిగి ఉంటాయి. ముందు మట్టి తీసి పరీక్ష చేయించాలి. చెడ్డమట్టి ఎత్తిపోయాలి, లేదా గట్టిగా కప్పి పైన మంచిమట్టి పరవాలి. బావులు తవ్వే చోట నీళ్ళు చూడాలి. ఆ ఖర్చు ఎవరిదన్నది అమ్మకం కాగితం రాసేనాడే తేల్చుకోవాలి. ఆనాడు తేల్చుకోకపోతే, పెరట్లో ములగమొక్క నాటినవాడే ఆ ఖర్చు భరిస్తాడు. వాన నీటి సంగతీ అంతే. 2020 ఆగస్టులో వరంగల్, హనుమకొండ వీధులు చెరువులైనప్పుడు, పూడిపోయిన నాలాల సంగతి అందరికీ గుర్తుకొచ్చింది. ఖాళీగా ఉన్న పెద్దజాగా తాగే నీటిని, సిమెంటు పోసిన జాగా తాగదు.

లండన్‌లో కింగ్స్ క్రాస్ స్టేషను వెనక 67 ఎకరాలు ఇట్లాగే బొగ్గు దిబ్బలు, గ్యాసు ట్యాంకులు, సరుకు షెడ్లతో పాడుపడి ఉండేవి. ప్రక్కనున్న సెయింట్ పాంక్రాస్‌కు 2007లో పారిస్ రైళ్ళు రావడంతో దశ తిరిగింది. నాకు నచ్చింది అక్కడి 1852 నాటి గోధుమల గిడ్డంగి. దాన్ని కూల్చకుండా, 2011లో ఒక కళాశాలను అందులోకి తెచ్చారు. లెక్చరరును కాబట్టి నాకు ముచ్చటగా ఉండడం సహజమే. బొగ్గు దింపిన కమానుల్లో ఇప్పుడు దుకాణాలున్నాయి. గ్యాసు ట్యాంకుల ఇనుప చట్రాల లోపల ఇళ్ళు కట్టారు. ఆ ఇళ్ళ ధరలు విన్నవాడెవడూ బొగ్గు కూలివాడి మనవడు అక్కడ ఉంటాడని అనుకోడు. అది కూడా చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు.

బొంబాయి కథ మనకు ఇంకా దగ్గరిది. మన తెలంగాణ పద్మశాలీలు ఎందరో ఆ గిరణీలలో మగ్గాలు నడిపారు. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒకటొకటిగా మూతపడితే, 1991లో ఒక చక్కని నియమం చేశారు: మిల్లు భూమిలో మూడోవంతు ఊరికి ఖాళీ స్థలంగా, మూడోవంతు సర్కారు ఇళ్ళకు, మిగిలింది యజమానికి. పదేళ్ళకు, అంటే 2001లో, దానికి సవరణ వచ్చింది. మూడు వాటాలూ భూమి మొత్తంలో కాదు, కట్టడాలు లేని ఖాళీ భాగంలోనే అన్నారు. ఒక్క మాట మార్పుతో ఊరి వాటా కరిగిపోయింది. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణనే నిలబెట్టింది. వ్యాకరణం చెప్పి బతికేవాణ్ణి గనుక విశేషణం బలమెంతటిదో నాకు తెలుసుననుకునేవాణ్ణి. ‘ఖాళీ’ అనే విశేషణం వందల ఎకరాలను తిన్నది.

మిల్లులున్నచోట ఆఫీసు మేడలు లేచాయి, జనం వేలల్లో రైలు దిగడం మొదలుపెట్టారు. స్టేషను వంతెన మాత్రం పాతదే. 2017 సెప్టెంబరు 29 పొద్దున వాన పడుతుండగా ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషనులోని ఆ ఇరుకు వంతెనమీద తొక్కిసలాటలో ఇరవైమందికి పైగా చనిపోయారు. నేల విలువ పెంచేవాళ్ళు మెట్ల వెడల్పు కూడా చూడాలని అప్పుడు అందరూ అన్నారు.

మన దగ్గర స్టేషన్లకు కొత్త కళ వస్తున్నది. వరంగల్ స్టేషను కొత్త ముస్తాబుతో 2025 మే 22న ప్రారంభమైంది. సికింద్రాబాదుకు దాదాపు ఏడువందల కోట్ల పని జరుగుతున్నది. ఒత్తిడి తగ్గించడానికి చర్లపల్లి టెర్మినలు 2025 జనవరిలో తెరిచారు. గాజు తలుపులు, కదిలే మెట్లు నాకూ ఇష్టమే. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారికి మరీ ఇష్టం. కాని గేటు బయట ఏమున్నదని ఎవరూ అడగరు. స్టేషనుకు ఐదు నిమిషాల నడకలో పుల్లట్లు వేసే ఆమె, ఆటో అన్న, మూటలు మోసే హమాలీ ఉండే ఇల్లు ఎక్కడ? ఆ చుట్టూ ఖాళీ అవుతున్న గిడ్డంగుల, మిల్లుల నేలకు నక్షా గీసేముందు వీళ్ళను ఒకసారి కూర్చోబెట్టి అడిగితే ఏం పోతుంది?

అరుగుమీది పెద్దమనిషిని అడిగాను, ఆ నేలలో నీకేం కావాలె అని. ఆయన ఇంటిస్థలం అంటాడనుకున్నాను. అదీ అన్నాడు. తర్వాత, “మా ఖాతల నూర్లమంది పనిజేసినం. ఏడన్న ఒక గోడకు మా పేర్లు రాసిపెట్టుమను” అన్నాడు.

ఆజంజాహి మిల్లులో పనిచేసినవారు గాని, వారి పిల్లలు గాని ఈ పత్రిక చదువుతుంటే, ఏ ఖాతాలో, ఏ షిఫ్టులో, ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు పనిచేశారో ఒక కార్డు రాసి పత్రికాఫీసుకు పంపండి. దసరా సెలవుల్లో మా మేనత్తగారింటికి మళ్ళీ వెళ్తున్నాను. వచ్చినన్ని కార్డులు ఆయనకు చదివి వినిపిస్తాను.